జాబితాల్లో కనిపించని రాక్ గిటారిస్టులు: ఒక పేరు చెప్పండి, ఏ పాట వినాలో కూడా చెప్పండి

కోఠి_క్యాసెట్ (హైదరాబాద్)

నిన్న మళ్ళీ ఎవరో ‘ప్రపంచంలో అత్యుత్తమ గిటారిస్టులు’ అని ఒక జాబితా పంపారు. హెండ్రిక్స్, క్లాప్టన్, జిమ్మీ పేజ్, జెఫ్ బెక్, వాన్ హేలెన్, గిల్మోర్. ఇరవై ఏళ్ళుగా చూస్తున్నాను. ఎవరు రాసినా ఇవే పేర్లు, వరస మారుతుందంతే. వాళ్ళంటే నాకూ ప్రాణమే. కానీ కొత్తగా వినడం మొదలుపెట్టిన పిల్లలు ఆ ఆరు పేర్ల దగ్గరే ఆగిపోతుంటే మనసొప్పట్లేదు.

అందుకే ఈ చర్చ. ఒక్కొక్కరూ ఒక పేరు చెప్పండి. ఊరికే ‘లెజెండ్’ అని రాసి వెళ్ళిపోకండి. ఏ పాట వినాలి, ఆ పాటలో దేనికోసం చెవి పెట్టాలి, అది చెప్పండి.

ముందు నాది. రోరీ గాలగర్, ఐర్లండ్. 1948లో బాలీషానన్ అనే చిన్న ఊళ్ళో పుట్టి కార్క్‌లో పెరిగాడు. 1963లో, పదిహేనేళ్ళ వయసులో, కార్క్‌లో క్రౌలీస్ అనే షాపులో 1961 నాటి సెకండ్ హ్యాండ్ స్ట్రాటోకాస్టర్ (ఫెండర్ కంపెనీ ఎలక్ట్రిక్ గిటార్ మోడల్) చూశాడు. ధర దాదాపు 100 పౌండ్లు. వాయిదాల మీద కొన్నాడు. ఆ తర్వాత జీవితమంతా అదే గిటార్. చెమటకీ వాడకానికీ పెయింట్ ఊడిపోయి లోపలి చెక్క బయటపడింది. ఫోటో చూస్తే పాత ఇంటి గుమ్మంలా ఉంటుంది. దానికి మళ్ళీ రంగు వేయించలేదు.

వినాల్సింది ‘ఐరిష్ టూర్ 74’. 1974 జనవరిలో బెల్‌ఫాస్ట్, డబ్లిన్, కార్క్ కచేరీల్లో రికార్డు చేశారు. అప్పట్లో బెల్‌ఫాస్ట్‌లో బాంబులు పేలుతున్నాయి. చాలా బ్యాండ్లు ఆ ఊరి పేరు చెబితేనే వెనక్కి తగ్గేవి. ఇతను మాత్రం వెళ్ళి వాయించాడు. అందులో ‘ఎ మిలియన్ మైల్స్ అవే’ పెట్టుకోండి. తొమ్మిది నిమిషాలు పైన. బ్యాండ్ గొంతు తగ్గించి, అతని గిటార్ ఒక్కటే మెల్లగా మాట్లాడే చోటు వస్తుంది. అక్కడ వేలు తీగని తాకే శబ్దం కూడా వినిపిస్తుంది.

నేను దీన్ని 1996లో విన్నాను. కాలేజీ సీనియర్ ఒకాయన, వాళ్ళ మామయ్య దుబాయ్ నుంచి తెచ్చిన దాన్నుంచి టీడీకే 90 క్యాసెట్ మీద కాపీ చేసి ఇచ్చాడు. ఒక వైపుకి 45 నిమిషాలే కదా. సరిగ్గా ఈ పాట చివర్లో టేప్ అయిపోయేది. ఆ ముగింపు ఎలా ఉంటుందో నాకు ఏడేళ్ళ తర్వాత తెలిసింది.

డాలస్_రఘు

క్యాసెట్ అన్నా, చర్చ బాగుంది కానీ మొదటి పేరు దగ్గరే పేచీ పెడతాను. రోరీని మర్చిపోయారని ఎలా అంటాం? బాలీషానన్‌లో 2010లోనే విగ్రహం పెట్టారు. 2025 జనవరిలో బెల్‌ఫాస్ట్‌లో అల్స్టర్ హాల్ దగ్గర ఇంకొకటి. మీరు చెప్పిన ఆ రంగు పోయిన గిటార్ 2024లో లండన్ వేలానికొస్తే, ఐర్లండ్ నేషనల్ మ్యూజియంకి ఇవ్వడానికే కొన్నారు. ఒక దేశం గుండెల్లో పెట్టుకున్న మనిషి.

నిజంగా మరుగున పడ్డవాడంటే నా లెక్కలో టెర్రీ కాథ్. షికాగో బ్యాండ్ గిటారిస్టు. ఇక్కడ అమెరికాలో ఆ బ్యాండ్ పేరెత్తితే అందరికీ గుర్తొచ్చేది పెళ్ళిళ్ళలో వేసే ప్రేమ పాటలు. సూపర్ మార్కెట్లో కూరగాయలు ఏరుకుంటుంటే పైన స్పీకర్లో వచ్చేవి. ఆ బ్యాండ్ మొదట్లో ఎలా ఉండేదో తెలియాలంటే 1970 నాటి ‘25 ఆర్ 6 టు 4’ వినాలి. ట్రంపెట్లు, ట్రాంబోన్, సాక్సోఫోన్ అన్నీ ఉన్న బ్యాండ్‌లో, వా పెడల్ (గిటార్ శబ్దాన్ని ‘వా వా’ అనిపించే కాలి పరికరం) తొక్కుతూ మధ్యలో అతను వాయించే సోలో ఒక్కటే అంత బరువూ మోస్తుంది.

1969లో వచ్చిన మొదటి ఆల్బమ్‌లో ‘ఫ్రీ ఫామ్ గిటార్’ అని ఇంకొకటి ఉంది. దాదాపు ఏడు నిమిషాలు, పాట లేదు, తాళం లేదు, ఒక్క గిటారు, ఒక్క ఆంప్ (శబ్దం పెంచే పెట్టె), ఫీడ్‌బ్యాక్ (ఆంప్ శబ్దం గిటార్‌లోకి తిరిగొచ్చి మోగే హోరు). మొదటిసారి వింటే తలనొప్పి వస్తుంది, దాచను. మూడోసారి నుంచి దానిలో ఒక దారి కనిపిస్తుంది.

1978 జనవరి 23న, ఖాళీగా ఉందనుకున్న తుపాకీ పేలి పోయాడు. ఇంకో ఎనిమిది రోజుల్లో 32వ పుట్టినరోజు. అప్పటికి కూతురికి రెండేళ్ళు కూడా లేవు. ఆ అమ్మాయే పెద్దయ్యాక తండ్రిని వెతుక్కుంటూ, ఆయనతో వాయించినవాళ్ళందర్నీ కలిసి డాక్యుమెంటరీ తీసింది. ‘ది టెర్రీ కాథ్ ఎక్స్‌పీరియన్స్’, 2016. నాకూ ఒక ఆడపిల్ల. ఆ సినిమా ఒకే విడతలో చూడలేకపోయాను.

కోఠి_క్యాసెట్

రఘూ, నీ మాట ఒప్పుకుంటున్నాను. ఐర్లండ్ మర్చిపోలేదు, మన దగ్గర ఎవరూ వినలేదు, అంతే తేడా. కాథ్ సంగతి నాకు సగమే తెలుసు. ‘కలర్ మై వరల్డ్’ పాడిన గొంతు కూడా అతనిదేనని చాలా ఆలస్యంగా తెలిసింది. అంత మెత్తగా పాడేవాడు ఆ ఫీడ్‌బ్యాక్ మోత మోగించాడంటే నమ్మడం కష్టం.

టెలీ_శీను (విశాఖపట్నం)

నావి రెండు పేర్లు, విడదీయలేను. ఇద్దరూ టెలికాస్టర్ (ఇదీ ఫెండర్ గిటార్ మోడలే) వాళ్ళే, ఇద్దరూ వాషింగ్టన్ చుట్టుపక్కల క్లబ్బుల్లో వాయించినవాళ్ళే. రాయ్ బుకానన్, డానీ గాటన్.

బుకానన్‌ని 1971లో అమెరికా పబ్లిక్ టీవీ ఒక డాక్యుమెంటరీలో చూపించింది. అప్పటిదాకా క్లబ్బుకొచ్చే జనానికే తెలుసు. మరుసటి ఏడు ఆల్బమ్ వచ్చింది, అందులో ‘ద మెసయ్యా విల్ కమ్ అగైన్’ ఉంది. ఆ పాటలో గిటార్ ఏడుస్తుంది అని అందరూ రాస్తారు. ఎలా ఏడుస్తుందో చెప్తాను, ఎందుకంటే ఆరు నెలలు దాని మీదే కూర్చున్నాను.

గిటార్ వాల్యూమ్ నాబ్ పూర్తిగా సున్నాలో పెడతాడు. తీగ మీటుతాడు. శబ్దం రాదు. పిక్ (తీగ మీటే చిన్న ముక్క) పట్టుకున్న చేతి చిటికెన వేలు నాబ్ మీదే ఉంటుంది. మీటిన వెంటనే దాన్ని మెల్లగా తిప్పుతాడు. అప్పుడు ‘టంగ్’ అనే మీటు శబ్దం లేకుండా నోటు ఎక్కడినుంచో పుట్టి పెరుగుతూ వస్తుంది, వయొలిన్ కమాను లాగినట్టు. ఈలోగా ఎడమ చేయి ఆ తీగని బెండ్ చేసి, అంటే పక్కకి లాగి స్వరం పెంచి, వణికిస్తుంటుంది. రెండు చేతులూ రెండు వేర్వేరు పనులు, ఒక్క నోటు కోసం. నాకు నాబ్ కుదిరితే బెండ్ శ్రుతి తప్పేది, బెండ్ కుదిరితే చిటికెన వేలు జారిపోయేది. ఏ పెడల్ సాయం లేకుండా అతను దాన్ని మాట్లాడినంత తేలిగ్గా చేస్తాడు. జెఫ్ బెక్ 1975లో ‘బ్లో బై బ్లో’లో ఒక పాటని ఇతనికే అంకితం ఇచ్చాడు. మనం జాబితాల్లో మొక్కేవాళ్ళు ఎవరికి మొక్కారో చూడండి.

1988లో తాగిన మత్తులో అరెస్టయ్యి, వర్జీనియాలో జైలు గదిలోనే పోయాడు. 48 ఏళ్ళు.

గాటన్‌ని 1989లో గిటార్ ప్లేయర్ పత్రిక ‘ప్రపంచంలోకెల్లా గొప్ప అజ్ఞాత గిటారిస్టు’ అని కవర్ మీద వేసింది. కంట్రీ, జాజ్, రాకబిలీ, బ్లూస్ ఒకే పాటలో, ఒకే ఊపిరిలో. ఆల్బమ్ ‘88 ఎల్మైరా స్ట్రీట్’, 1991. టూర్లంటే పడేది కాదు, పాత కార్లు బాగుచేసుకుంటూ ఊళ్ళో ఉండటమే ఇష్టం. వీడియోలు దొరికితే బీరు సీసాతో స్లైడ్ (తీగల మీద జారుస్తూ) వాయించేది చూడండి. సీసాలోంచి బీరు కారి గిటార్ మెడ మీద పడితే, తువ్వాలు తీసుకుని తుడుస్తూ ఆ తువ్వాలు కిందనుంచే వాయిస్తూ పోతాడు. ఒక్క నోటు తప్పదు. 1994లో తన ప్రాణం తనే తీసుకున్నాడు. ఆ వీడియోలో నవ్వుతున్న మొహం చూసినప్పుడల్లా నాకు ఇది గుర్తొస్తుంది.

శ్రుతి_లావణ్య (బెంగళూరు)

ఇప్పటిదాకా అందరూ మగవాళ్ళే అని గమనించారా అండీ? మరుగున పడటం గురించి మాట్లాడేటప్పుడు మొదట రావలసిన పేరు సిస్టర్ రోసెట్టా థార్ప్‌ది.

1915లో ఆర్కన్సాలో కాటన్ ప్లాంట్ అనే చోట పుట్టింది. చర్చిలో పాడేది, వాయించేది. 1944లో రికార్డు చేసిన ‘స్ట్రేంజ్ థింగ్స్ హ్యాపెనింగ్ ఎవ్రీ డే’ వినండి. రాక్ అండ్ రోల్ అన్న మాట జనం నోట్లో పడటానికి దాదాపు పదేళ్ళ ముందు సంగతి అది. ఆ ఊపు, ఆ కొట్టుడు అప్పటికే ఆమె చేతిలో ఉంది. చక్ బెర్రీ, ఎల్విస్ ఆ తర్వాతి వాళ్ళు.

నేను చెప్పదలచుకున్నది మాత్రం 1964 నాటి వీడియో. మాంచెస్టర్‌లో విల్‌బ్రహామ్ రోడ్ అనే మూసేసిన రైల్వే స్టేషన్. టీవీ వాళ్ళు దాన్ని అమెరికా దక్షిణాది స్టేషన్‌లా అలంకరించారు, మేకల్ని కూడా తెచ్చి కట్టారు. పట్టాలకి ఒక వైపు ప్లాట్‌ఫాం మీద జనం, ఎదుటి ప్లాట్‌ఫాం మీద కళాకారులు. వాన పడింది. ఈవిడ గుర్రబ్బండి దిగి, మంచి కోటు వేసుకుని, తెల్ల గిబ్సన్ గిటార్ తగిలించుకుని, వాన గురించిన పాటే ఎత్తుకుంది, ‘డిడింట్ ఇట్ రెయిన్’. సోలో వచ్చినప్పుడు ఆమె గిటార్ వైపు చూడదు. జనం వైపు చూస్తూ, చేయి గాల్లోకి విసురుతూ వాయిస్తుంది. గుళ్ళో హరికథ చెప్పే ఆవిడకి సభ మీద ఎంత పట్టుంటుందో అంత పట్టు.

1973లో ఫిలడెల్ఫియాలో పోయింది. సమాధి మీద పేరు రాసిన రాయి కూడా లేకుండా మూడు దశాబ్దాలు పైన పడి ఉంది. 2008లో ఒక కచేరీ పెట్టి డబ్బు పోగుచేశాకే రాయి పడింది. రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు ఇచ్చింది 2018లో. ఆ హాల్ మొదటి బ్యాచ్ 1986 అండీ. ముప్పై రెండేళ్ళు.

కోఠి_క్యాసెట్

లావణ్య గారూ, చూశాను. ఇప్పుడే. ఇంకోసారి చూస్తున్నాను.

మెటల్_కిరణ్ (పుణె)

అందరికీ నమస్తే. నేను చిన్నవాణ్ణి, తప్పుగా అనుకోవద్దు. ఈ చర్చలో స్లో, ఫీల్, ఒక్క నోటు అంటూ మాట్లాడుతుంటే, వేగంగా వాయించేవాళ్ళకి మనసు ఉండదన్నట్టు వినిపిస్తోంది. ప్రతి చోటా ఇదే మాట. వేగం వెనక కూడా మనిషి ఉంటాడు.

నేను చెప్పే పేరు జేసన్ బెకర్. 1969లో పుట్టాడు. మార్టీ ఫ్రీడ్‌మన్ మెగాడెత్ బ్యాండ్‌లోకి వెళ్ళకముందు వీళ్ళిద్దరూ కలిసి కకోఫొనీ అనే బ్యాండ్ నడిపారు. 1988లో పంతొమ్మిదేళ్ళకి సోలో ఆల్బమ్, ‘పర్పెచ్యువల్ బర్న్’. అందులో ‘ఆల్టిట్యూడ్స్’ వినండి. స్వీప్ పికింగ్‌తో (పిక్‌ని తీగల మీదుగా ఒకే ఊపులో జార్చే పద్ధతి) మెట్లన్నీ జారుతూ ఎక్కుతాడు, కానీ ఆ వేగం కింద ఒక శ్రావ్యమైన పాట ఉంది. దాన్ని పియానో మీద మెల్లగా వాయించినా నిలబడుతుంది. నేను ప్రయత్నించి చూశాకే చెప్తున్నాను.

1990లో, ఇరవై ఏళ్ళకి, డేవిడ్ లీ రాత్ బ్యాండ్‌లో చోటు దొరికిన సమయానికి ఏఎల్ఎస్ అని తేలింది. నరాలు ఒక్కొక్కటిగా చచ్చుబడే జబ్బు. రాత్ ఆల్బమ్ రికార్డింగ్ ఎలాగో పూర్తి చేశాడు, టూర్‌కి వెళ్ళలేకపోయాడు. డాక్టర్లు కొన్నేళ్ళే అన్నారు. చేతులు పోయాయి, మాట పోయింది. వాళ్ళ నాన్న, కళ్ళ కదలికలతో అక్షరాలు చెప్పే పద్ధతి ఒకటి తయారుచేశాడు. దాంతోనే నోట్ నోట్ చెప్తూ సంగీతం రాస్తున్నాడు. 2018లో ‘ట్రయంఫంట్ హార్ట్స్’ వచ్చింది. ఒకప్పుడు ప్రపంచంలోనే వేగంగా పరిగెత్తిన వేళ్ళు, ఇప్పుడు ఒక్కో స్వరాన్నీ కనురెప్ప చాటునుంచి చెప్పాల్సి వస్తోంది. ఇది విన్నాక వేగం గురించి ఎవరైనా తేలిగ్గా మాట్లాడితే నాకు కష్టంగా ఉంటుంది.

టెలీ_శీను

కిరణ్ తమ్ముడూ, నువ్వన్నది నిజం. నేను కూడా ‘ఫీల్’ అనే మాటని బద్ధకానికి అడ్డం పెట్టుకున్న రోజులున్నాయి. స్పీడు రాక, స్పీడు వద్దని చెప్పేవాణ్ణి. ‘ఆల్టిట్యూడ్స్’ ఇవాళ సాయంత్రం వింటాను.

గోదావరి_తీగ (పాలకొల్లు)

నేను వాయించేది వీణ. రాక్ నాకు ఆలస్యంగా వచ్చింది, మా అబ్బాయి హెడ్‌ఫోన్స్ పుణ్యమా అని. కాబట్టి నా మాట కొంచెం వేరే మూల నుంచి వస్తుంది.

శీను గారు బెండ్ గురించి రాశారు. వీణ మీద మేం రోజూ చేసేది అదే. మైనంలో కూర్చోబెట్టిన 24 మెట్లుంటాయి. తీగని ఆ మెట్టు మీదే పక్కకి లాగితే పై స్వరం పలుకుతుంది. గమకం అలా పుడుతుంది. మెట్టు మీద ఉన్న స్వరం కంటే, ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి పోయే దారిలోనే రాగం ఉంటుంది. ఇది తెలిసిన చెవితో కొచ్చికి చెందిన బైజు ధర్మజన్‌ని వినండి. మదర్‌జేన్ అనే బ్యాండ్‌లో వాయించేవాడు. 2008లో ‘మక్తూబ్’ అనే ఆల్బమ్. అచ్చంగా రాక్, డిస్టార్షన్ (గిటార్ శబ్దాన్ని బరకగా మార్చేది) నిండా ఉంటుంది. కానీ సోలో రాగానే అతని నోట్లు నిలబడవు, ఊగుతాయి. పై నుంచి జారి కిందకొస్తాయి. పాశ్చాత్య గిటారిస్టు బెండ్ చేస్తే ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి చేరి అక్కడ ఆగుతాడు. ఇతను చేరిన చోట కూడా ఆగడు, దాని చుట్టూ తిరుగుతాడు. మా గురువుగారికి వినిపిస్తే కళ్ళు మూసుకుని, “ఇనుప తీగ మీద కూడా పలుకుతోందే” అన్నారు.

మా ఊరి మాట ఒకటి చెప్పకుండా ఉండలేను. మాండలిన్ శ్రీనివాస్ గారు పుట్టింది ఇక్కడే, 1969లో. ఆయన రాక్ వాద్యకారుడు కాడు, ఒప్పుకుంటాను. కానీ ఆయన చేసిన పని చూడండి. మాండలిన్‌కి ఎనిమిది తీగలు, నాలుగు జతలు. జంట తీగ మీద గమకం లాగలేం. ఆయన జతలు తీసేసి ఒంటి తీగలు పెట్టాడు, ఐదో తీగ చేర్చాడు, సాలిడ్ బాడీ ఎలక్ట్రిక్ వాద్యం పట్టాడు. అంటే ఒక రకంగా చిన్న ఎలక్ట్రిక్ గిటార్. దాని మీద త్యాగరాజ కీర్తన. 1995లో మైకేల్ బ్రూక్ అనే గిటారిస్టుతో కలిసి ‘డ్రీమ్’ అని ఒక ఆల్బమ్ చేశాడు. తర్వాత జాన్ మెక్లాఫ్లిన్‌తో రిమెంబర్ శక్తి అనే బృందంలో వాయించాడు. 2014లో 45 ఏళ్ళకే వెళ్ళిపోయాడు. గిటార్ నేర్చుకునే పిల్లలు మెక్లాఫ్లిన్ పేరు చెప్తారు, పక్కన కూర్చుని చిన్న వాద్యం పట్టుకున్న మనవాడి పేరు చెప్పరు. అది బాధ.

డాలస్_రఘు

గోదావరి గారూ, ఆ జంట తీగ సంగతి ఎప్పుడూ ఆలోచించలేదండీ. రెండు తీగలు పక్కకి లాగితే రెండూ సమానంగా శ్రుతిలో ఉండటం దాదాపు అసాధ్యం. ఇంత సులభమైన కారణం.

నల్లగొండ_నవీన్

ఎడ్డీ హేజెల్. ఫంకడెలిక్. 1971. ‘మ్యాగట్ బ్రెయిన్’. పది నిమిషాలు.

బ్యాండ్ నాయకుడు జార్జ్ క్లింటన్ అతనితో, మీ అమ్మ చనిపోయిందని ఇప్పుడే తెలిసినట్టు వాయించు, తర్వాత ఆమె బతికే ఉందని తెలిసినట్టు వాయించు అన్నాడట. అతను వాయించాడు. విన్నాక క్లింటన్ వెనక వాయించినవాళ్ళ శబ్దం దాదాపు అంతా మిక్స్‌లో తగ్గించేశాడు. సన్నని ఒక గిటార్ మీటు, దాని మీద ఇతను, చుట్టూ ఎకో. అంతే.

లైట్ ఆపి వినండి. ఇంకేం రాయాలో తెలియట్లేదు. అమ్మ పోయిన ఏడాది విన్నాను నేను.

శ్రుతి_లావణ్య

నవీన్ గారూ, మీరు రాసింది చదివి కాసేపు ఏమీ టైప్ చేయలేకపోయాను.

హేజెల్ గురించి ఒక్క మాట. 1974 నాటి ఫంకడెలిక్ ఆల్బమ్‌లో పాటలన్నీ రాయడంలో అతని చేయి ఉంది. కానీ రచయితల పేర్లలో అతని పేరు వెతికితే దొరకదు. గ్రేస్ కుక్ అని ఉంటుంది. అది వాళ్ళ అమ్మ పేరు. 1992లో పోయాడు, 42 ఏళ్ళకి.

మెటల్_కిరణ్

గబగబా ఇంకో మూడు పేర్లు వేసి వెళ్తాను, ఆఫీసులో ఉన్నాను.

పాల్ కాసాఫ్, ఫ్రీ బ్యాండ్. ‘ఆల్ రైట్ నౌ’ అందరికీ తెలుసు, వాయించిన మనిషి తెలియదు. 1976లో విమానంలోనే పోయాడు, పాతికేళ్ళు. వైబ్రాటో (నోటుని వణికించడం) నేర్చుకోవాలంటే ఇతని దగ్గరే. (అవును, నేనే చెప్తున్నాను, స్లో గిటారిస్టు గురించి.)

రాండీ కాలిఫోర్నియా, స్పిరిట్ బ్యాండ్. లెడ్ జెప్పెలిన్ ‘స్టెయిర్‌వే టు హెవెన్’ మీద కోర్టు కేసు నడిచింది ఇతని ‘టారస్’ పాటని కాపీ కొట్టారనే. కేసు లెడ్ జెప్పెలిన్ గెలిచింది. జనానికి ఆ కేసు ఒక్కటే తెలుసు. 1970లో వచ్చిన ‘ట్వెల్వ్ డ్రీమ్స్ ఆఫ్ డాక్టర్ సార్డోనికస్’ వినకుండా ఇతని గురించి మాట్లాడకూడదు. 1997లో హవాయి సముద్రంలో పన్నెండేళ్ళ కొడుకు కొట్టుకుపోతుంటే ఒడ్డుకి తోసి, తను మునిగిపోయాడు.

జూన్ మిల్లింగ్టన్, ఫానీ బ్యాండ్. మనీలాలో పుట్టి, కాలిఫోర్నియాలో చెల్లెలితో కలిసి బ్యాండ్ పెట్టింది. 1970లోనే పెద్ద కంపెనీ నుంచి ఆల్బమ్ వచ్చింది, బ్యాండ్ అంతా ఆడవాళ్ళే. లావణ్య అక్కా, ఇది మీ కోసం.

కొత్త_తీగ (హనుమకొండ)

అందరికీ నమస్కారం. నేను గిటార్ నేర్చుకోవడం మొదలుపెట్టి ఏడాదిన్నర అయింది. ఈ చర్చ మొదటి నుంచి చదువుతున్నాను, మీరు చెప్పినవి వరసగా వింటున్నాను. ఇప్పటికి రోరీ, బుకానన్, రోసెట్టా అమ్మ అయ్యారు.

శీను అన్నా, మీరు రాసిన ఆ వాల్యూమ్ నాబ్ పద్ధతి ప్రయత్నించాను. నాది స్ట్రాటోకాస్టర్ మోడల్ గిటార్, సెకండ్ హ్యాండ్. నాబ్ తిప్పగానే నోటుకి ముందు గరగరమని శబ్దం వస్తోంది, కాగితం నలిపినట్టు. ఇక్కడ ఒక షాపులో చూపిస్తే లోపలి వైరింగ్ మొత్తం మార్చాలి, 2,500 అవుతుందన్నారు. అంత పెట్టాలా? టెన్షన్‌గా ఉంది, నాన్నకి చెప్పలేదు.

టెలీ_శీను

మార్చక్కర్లేదు తమ్ముడూ, కంగారు పడకు. నాబ్ కింద ఉండే దాన్ని పాట్ అంటారు. లోపల కార్బన్ పూసిన చిన్న పట్టీ, దాని మీద తిరిగే ఒక లోహపు ముక్క. అక్కడ దుమ్ము చేరితే గరగర వస్తుంది. నూటికి తొంభైసార్లు శుభ్రం చేస్తే పోతుంది.

ఎలక్ట్రానిక్స్ షాపులో కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే అడుగు. తలుపు బందులకి వేసే నూనె స్ప్రే వద్దు, అది దుమ్ముని ఇంకా పట్టుకుంటుంది. తీగలు వదులు చెయ్యి. ముందున్న తెల్ల ప్లాస్టిక్ పలకకి మామూలుగా పదకొండు స్క్రూలుంటాయి, ఒక గిన్నెలో వేసుకో, ఒకటి పోయినా దొరకదు. పలకని మెల్లగా తిరగెయ్యి. వైర్లు లాగొద్దు. పాట్ పక్కన చిన్న సందు కనిపిస్తుంది, అందులోకి ఒక్కసారి స్ప్రే చేసి, నాబ్‌ని ఈ చివర నుంచి ఆ చివరకి ఇరవై ముప్పైసార్లు తిప్పు. పావుగంట ఆరనివ్వు.

కోఠి_క్యాసెట్

హనుమకొండలో దొరక్కపోతే చెప్పు. నేను శనివారం గుజరాతీ గల్లీ వైపు వెళ్తున్నాను, కొని కొరియర్ చేస్తాను.

గోదావరి_తీగ

బాబూ, నాన్నగారికి చెప్పు. దాచుకునేంత తప్పేం చేయలేదు.

కొత్త_తీగ

ఇక్కడే దొరికింది క్యాసెట్ అన్నా, 180 రూపాయలు. నాన్నకి చెప్పాను. స్క్రూలు ఆయనే విప్పారు. ఒకటి మంచం కిందికి పోతే టార్చ్ పెట్టి ఇద్దరం వెతికాం. దొరికింది.

గరగర పోయింది. పూర్తిగా.

ఇప్పుడు ఇంకో డౌట్. వాల్యూమ్ సగంలో ఉన్నప్పుడు శబ్దం కొంచెం మూగగా, దుప్పటి కప్పినట్టు ఉంది. పూర్తిగా తెరిస్తే బాగుంది. ఇది కూడా రిపేరా?

టెలీ_శీను

రిపేర్ కాదు, ఆ సర్క్యూట్ స్వభావమే అంత. వాల్యూమ్ తగ్గిస్తే పై స్వరాల పదును ముందు పోతుంది. కావాలంటే పాట్ కాళ్ళ మధ్య ఒక చిన్న కెపాసిటర్ అతికిస్తే ఆ పదును ఉంటుంది, ఐదు రూపాయల వస్తువు. కానీ ఇప్పుడే వద్దు. నెల రోజులు ఇలాగే వాయించు. నోటు మూగగా మొదలై నువ్వు తిప్పేకొద్దీ తెరుచుకుంటుంది చూడు, ఆ ఏడుపులో సగం అదే. చిటికెన వేలికి అలవాటయ్యాక చెప్పు, కెపాసిటర్ సంగతి చూద్దాం.

కొత్త_తీగ

సరే అన్నా. రెండో తీగ మీద మొదలుపెట్టాను. పది సార్లకి ఒకటి కుదురుతోంది.